తెల్ల డబ్బాలో మా బావ

మా బావకి నత్తి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన్ని ఎరిగినవాళ్ళెవరైనా మొదట ఇదే చెప్తారు, చిన్న నవ్వు నవ్వి మరీ చెప్తారు. ఆ నవ్వు నాకు గిట్టదు. ఆయన గిటారు వాయిస్తాడనీ, ఒకే ఆర్కెస్ట్రాలో, స్టేజీకి ఎడమ పక్కన, ఒకే చోట నిలబడి సగం జీవితం వాయించాడనీ వాళ్ళకి తర్వాతెప్పుడో గుర్తొస్తుంది. ఆ చోటు ఆయన చేతిలోంచి ఎలా జారిపోయిందో చెప్పాలని కూర్చున్నాను. జారిపోయిందనడం కూడా మర్యాద కోసం అంటున్నాను. నిజానికి ఆయనే దాన్ని శుభ్రంగా తుడిచి, తళతళలాడించి, తీసుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెట్టాడు.

నేను ఆయన మరదల్ని. కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. అక్కా బావా కింది వాటాలో ఉంటారు, నేను పై గదిలో. అక్క కుట్టుమిషన్ మీద కర్టెన్లూ, సంచులూ, వాయిద్యాలకి కవర్లూ కుడుతుంది. ఇంటి వెనక ఒకప్పుడు ఎవరిదో కారు పెట్టుకున్న రేకుల షెడ్డు ఉంది. ఆర్కెస్ట్రా రిహార్సల్స్ అన్నీ అందులోనే జరిగేవి. కాబట్టి నాకు సంగీతం రాదు కానీ, సంగీతం వాళ్ళ గోల మాత్రం కంఠతా వచ్చు.

గిటారు వాయించేవాళ్ళ దగ్గర డిలే అని ఒక పరికరం ఉంటుంది. నేల మీద పెట్టి కాలితో తొక్కే ఇనప డబ్బా, అరచేతిలో పడుతుంది. గిటారుకీ స్పీకరుకీ మధ్యలో దాన్ని తగిలిస్తారు. మీరు ఒక స్వరం వాయిస్తే అది పట్టుకుని, కాస్త ఆగి, మళ్ళీ వినిపిస్తుంది. ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు అనాలి, ఎంత గట్టిగా అనాలి అని చెప్పడానికి పైన తిప్పుడు బొత్తాలుంటాయి. అంతే. ఇంతోటి డబ్బా కోసం ఇంత వయసొచ్చిన మగవాళ్ళు మాట్లాడుకోవడం మానేస్తారంటే నేనూ నమ్మేదాన్ని కాదు, మా ఇంట్లో చూసేదాకా.

ఈ విషయంలో గిటారు వాళ్ళలో రెండు పార్టీలు. వాయించింది వాయించినట్టు, ఈకంత తేడా లేకుండా తిరిగి రావాలనేది ఒక పార్టీ. తిరిగొచ్చేకొద్దీ కాస్త మసకబారి, అంచులు అరిగి, గరగరలాడుతూ రావాలనేది రెండో పార్టీ. మొదట్లో వచ్చిన డిజిటల్ డబ్బాలకి మెమరీ తక్కువ, అందుకని స్వరం అలా నలిగిపోయి వచ్చేదట. అది లోపమని తయారు చేసేవాళ్ళు దిద్దుకున్నారు. దిద్దుకున్నాక, ఆ లోపమే బాగుండేదని కొందరు పాత డబ్బాల కోసం ఊరంతా గాలించడం మొదలుపెట్టారు. మనుషులకి ఏది లేకపోతే అదే ముద్దు.

మా బావ మొదటి పార్టీ. ఆయన చిన్ననాటి స్నేహితుడు రెండో పార్టీ. వాళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు, గిటార్లు బాగుచేసే ఒకాయన షాపులో ఒకేసారి నేర్చుకున్నారు, చెరో ఆర్కెస్ట్రాలో చేరారు. సెలవు దొరికితే చాలు, మా షెడ్డులో కూర్చుని కొట్టుకునేవాళ్ళు. స్నేహితుడు బావకి 'అద్దం' అని పేరు పెట్టాడు. బావ ఊరుకుంటాడా, అతనికి 'బురద' అని పెట్టాడు. ఆ పేర్లే నిలిచిపోయాయి. బురద దగ్గర పెయింటంతా ఊడిపోయిన పాత నీలం డబ్బా ఒకటుండేది. దాన్ని చంటిపిల్లలా గుడ్డలో చుట్టుకుని తెచ్చేవాడు.

"ఒరేయ్ అద్దం, చిన్నప్పుడు మా అమ్మ అన్న మాట నాకు గుర్తుంది. అచ్చం అన్నది అన్నట్టు గుర్తుందా? కాస్త చెరిగిపోయింది. చెరిగిపోతేనే కదరా అందం," అనేవాడు.

"మీ అమ్మ ఏం తిట్టిందో నీకు గుర్తులేదని చెప్పు. నేను వాయించింది నేను వాయించినట్టు రావాలి. మధ్యలో ఆ డబ్బా సొంత తెలివి నాకెందుకు?" అనేవాడు బావ.

చూశారా, ఎక్కడా తడబాటు లేదు. శబ్దం గురించి మాట్లాడేటప్పుడు మా బావకి నత్తి ఉండేది కాదు. పాలు కొనాలన్నా, బస్సులో దిగే చోటు చెప్పాలన్నా ముఖం ఎర్రబడేదాకా తంటాలు పడే మనిషి, డిలే అనే మాట చెవిన పడితే గడగడా మాట్లాడేవాడు. దానికోసమైనా ఆ డబ్బాల్ని ఇంట్లో ఉండనివ్వచ్చని అక్క అనేది. తను సంచులకి తెచ్చుకున్న వెల్‌క్రో సగం బావ ఆ డబ్బాలు అతికించుకునే బోర్డుకే పోయినా సరే, ఆ మాటే అనేది.

ఇంకో తగువు కూడా ఉండేది. కాలితో తొక్కి డబ్బా కట్టేశాక, అప్పటికే లోపలున్న ప్రతిధ్వని మెల్లగా చల్లారాలా, ఠక్కున ఆగాలా అని. చల్లారాలనేవాడు బురద. ఠక్కున ఆగాలనేవాడు బావ. "నేను తొక్కాను. ఆగాలి," అనేవాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయన గొంతులో హాస్యం ఉండేది కాదు.

ఎందుకో నాకు తెలుసు. బళ్ళో హాజరు పిలిచినప్పుడు ఈయన నోట మొదటి అక్షరమే పదిసార్లు వచ్చేదట. వెనక బెంచీ వాళ్ళు ఆ ముక్కని పట్టుకుని, వంకర్లు తిప్పి, అదే అదే అనేవాళ్ళట. ఆగమంటే ఆగేవాళ్ళు కాదు. ఆపడానికి బురద లేచి ఒకడి పన్ను రాలగొట్టాడు, హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డాడు. అంత చిన్నతనంలో చెడిపోయిన ప్రతిధ్వని విన్నవాడికి మళ్ళీ అది విందామని ఉంటుందా? గిటారు మీద ఒక్కసారే అంటే చాలు. మిగతాది ఎన్నిసార్లు, ఎలా అనాలో ఆయనే నిర్ణయిస్తాడు. ఆగమంటే ఆగుతుంది. ఆ డబ్బా ముందు మా బావ మాటకారి.

వాయింపు కూడా అలాగే ఉండేది. మిగతావాళ్ళు గుప్పెడు స్వరాలు కుమ్మరించే చోట ఆయన ఒకటి వేసి ఊరుకునేవాడు. పాట వేగానికి తగ్గట్టు డబ్బా ఎంతసేపు ఆగాలో కాలితో మీట తొక్కి కుదిర్చేవాడు. ఆ ఒక్క స్వరమూ మంచినీళ్ళంత తేటగా తిరిగొచ్చి ఖాళీల్లో కూర్చునేది. పాడేవాళ్ళు కళ్ళు మూసుకుని దాని మీద నడిచిపోయేవాళ్ళు. మెచ్చుకోవలసినవాళ్ళు మెచ్చుకోలేదని చెప్పను. కాకపోతే ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు మాత్రం మెచ్చుకునేటప్పుడు కూడా బావని మాట పూర్తి చెయ్యనిచ్చేవాడు కాదు.

మాస్టారు కీబోర్డు వాయిస్తాడు. చెడ్డవాడని ఎవరూ అనరు, నేను తప్ప. ఎప్పుడూ హడావిడి మనిషి. బావ "రే... రే..." అనగానే "రేపు రిహార్సల్ ఎన్నింటికనేగా? సాయంత్రం," అని తేల్చేసేవాడు. చాలాసార్లు సరిగ్గానే తేల్చేవాడు, అది ఒప్పుకోవాలి. మా అక్క మాత్రం ఒక్కసారి కూడా ఆయన వాక్యాన్ని తను పూర్తి చెయ్యలేదు. పెళ్ళికి ముందు గిటారు కవరు కుట్టించుకోవడానికి వచ్చి, తనకి ఏ రంగు కావాలో చెప్పలేక ఆయన నిలబడిపోతే, మా అక్క మిషన్ ఆపి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అటు నేను 'నల్లదా? నీలమా?' అని ఎగబడుతుంటే నా కాలు తొక్కింది. చివరికి ఆయన "బూడిద రంగు" అన్నాడు. తర్వాత ఆయనే నాతో చెప్పాడు, ఆ రోజే ఇంట్లో పెళ్ళి మాట ఎత్తానని.

ఇలా నడిచిపోతున్న సంసారంలో మెట్ల మీద నీళ్ళు ఒలికాయి. ఏదో హాల్లో స్పీకరు మోస్తూ బావ జారిపడ్డాడు. ఎడమ మణికట్టు వాచి గుమ్మడికాయంత అయింది. డాక్టరు కట్టు కట్టి, కొన్నాళ్ళు గిటారు ముట్టుకోవద్దన్నాడు. బావ చోట్లో వాయించడానికి బురద వెళ్ళాడు. స్నేహితుడి కోసమే వెళ్ళాడు, తన ఆర్కెస్ట్రాకి సెలవు చెప్పి మరీ.

వారం తిరక్కుండా మాస్టారు పళ్ళ సంచి పట్టుకుని పరామర్శకి వచ్చాడు. కూర్చోకముందే తల పట్టుకున్నాడు.

"వాడితో చావొచ్చింది రా. వాయించేది బాగానే వాయిస్తాడు. ఆ నీలం డబ్బాతోనే గొడవ. ఇవాళ ఒకలా రేపు ఒకలా వస్తుంది. పాడే అమ్మాయి శ్రుతి వినపడటం లేదని ఏడుస్తోంది. నువ్వు లేకపోతే మా పని అయిపోయినట్టే."

బావ ముఖం చూడాలి. కట్టు కట్టిన చెయ్యి నొప్పి ఎగిరిపోయినట్టే వెలిగిపోయింది. స్నేహితుణ్ణి అంత మాట అంటే బాధపడాల్సింది పోయి, "శుభ్రంగా లేకపోతే అంతే," అని తలాడించాడు. అక్క నా వంక చూసింది. పొగడ్తకి పడిపోని మనిషి ఉండడు, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు పడ్డది, మెట్ల మీద పడ్డదానికంటే ఘోరం.

కట్టు విప్పేనాటికి మాస్టారు ఒక తెల్ల డబ్బా తెచ్చాడు. పుస్తకమంత ఉంది, మెత్తగా మెరుస్తోంది, పైన చిన్న తెర కూడా ఉంది.

"నీకోసమే తెప్పించాను. నీకు నచ్చే రకం. వాయించింది పొల్లు పోకుండా తిరిగిస్తుంది. ఇంకో సంగతి, వాయించింది లోపల దాచుకుంటుంది కూడా. కరెంటు తీసేసినా పోదు. నీ చెయ్యి మళ్ళీ పట్టేస్తే మా గతేంటి చెప్పు? ముందుజాగ్రత్తకి మన పాటలన్నింట్లోనూ నీ బిట్లు ఇందులో వాయించి పెట్టు. డ్రమ్స్ వాడు ఎలాగూ చెవిలో తాళం లెక్కపెట్టే టిక్కు టిక్కు పెట్టుకుని వాయిస్తాడు. లయ ఎక్కడికీ పోదు."

బావ ఆ డబ్బాని ముట్టుకున్న తీరు చూస్తే నాకు భయం వేసింది. ఒక స్వరం వాయించి, తిరిగొచ్చినదాన్ని విని, కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. "ఇది చూడు పిల్లా! ఏది నేను వాయించిందో, ఏది అది వాయించిందో నువ్వు చెప్పలేవు. ఎవరూ చెప్పలేరు," అన్నాడు, గడగడా. నేను చెప్పలేకపోయాను. ఆ క్షణాన మాస్టారు కూడా తల ఊపాడు. ఆ తల ఊపడంలో ఏముందో నాకు తర్వాత తెలిసింది.

మధ్యాహ్నాలు షెడ్డులో కూర్చుని బావ ఒక్కొక్క పాటే వాయించి అందులో పెట్టాడు. ఒక్క గీత పడకూడదు. ఊపిరి బిగించేవాడు, షెడ్డు పక్కన నన్ను బట్టలు జాడించనిచ్చేవాడు కాదు. బాగా రాలేదంటే చెరిపేసి మళ్ళీ. నాలుగో పాట దగ్గర మాత్రం, చెయ్యి ఇంకా పూర్తిగా కుదురుకోలేదేమో, చిటికెన వేలు జారి తీగ మీద 'గీక్' మంది. మళ్ళీ వాయిస్తానన్నాడు. మాస్టారు గడియారం చూసుకున్నాడు.

"ఎవడికీ వినపడదురా బాబూ. చాల్లే," అని డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ గీక్కు బావని తినేసింది. అన్నం తింటూ అదే మాట, మొక్కలకి నీళ్ళు పోస్తూ అదే మాట. ఆ స్వరం ఎక్కడొస్తుందో, ఎలా జారిందో నాకూ అక్కకీ వాయించి వాయించి చూపించాడు. చెవిలో జోరీగ అంటే ఏమిటో ఆ నెలలో తెలిసింది. ఆఖరికి సంగీతం రాని నాకు కూడా ఆ గీక్కు ఎక్కడున్నా పోల్చుకునే ప్రజ్ఞ వచ్చేసింది.

ఈ సంగతి తెలిసి బురద వచ్చాడు. అక్క ఇచ్చిన టీ పట్టుకుని షెడ్డు గడపలోనే నిలబడ్డాడు, కూర్చోలేదు.

"ఒరేయ్ అద్దం, అన్ని పాటలూ వాయించి ఇచ్చేశావటగా? బుద్ధుందా నీకు? నీ చేతులు కోసి వాళ్ళ సంచిలో వేశావు. ఇక నువ్వెందుకురా వాళ్ళకి?"

"నీ... నీకు..." అని బావ ఆగాడు. బురద ఆగాడు. అతనూ మా అక్కలాగే, తొందరపెట్టేవాడు కాదు. అంతలో బావకి మాట దొరికింది. అది శబ్దం గురించిన మాట కావడం మా ఖర్మ.

"నువ్వు వాయించిన వారం రోజులూ పాడే అమ్మాయికి శ్రుతి వినపడలేదట. నీ డబ్బా బురద, నీ వాయింపూ బురదే. శుభ్రంగా వాయించడం చేతకాక, చెరిగిపోతేనే అందమని కబుర్లు చెప్తావు. నన్ను పిలుస్తారు, నిన్ను పిలవరు. అదీ నీ కుళ్ళు."

ఒక్క అక్షరం తడబడలేదు. ఇన్నేళ్ళలో ఆయన అంత పెద్ద మాట ఏకబిగిన ఎవరినీ అని ఉండడు. బురద టీ కప్పు గడప మీద పెట్టాడు. సగం టీ అలాగే ఉంది. "సరే రా," అన్నాడు. అంతే, మళ్ళీ మా ఇంటి గేటు తియ్యలేదు. బళ్ళో ఈయన కోసం ఒకడి పన్ను రాలగొట్టిన మనిషి అతను. ఆ రోజు బావ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు, ముఖానే అనేశాను కూడా. ఆయన గిటారు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

తర్వాత జరిగింది మీరు ఊహించే ఉంటారు. మేం మాత్రం ఊహించలేదు. మొదట, "చిన్న ప్రోగ్రాం, స్టేజీ ఇరుకు, నువ్వు రెస్టు తీసుకో," అన్నారు. ఇంకోసారి, "దూరం ప్రయాణం, నీ చేతికి మంచిది కాదు." ఆ తర్వాత రిహార్సల్స్ మా షెడ్డులోంచి మాస్టారి ఇంటి గ్యారేజీకి మారాయి. షెడ్డులో చెమ్మ ఉందట, పరికరాలు పాడవుతాయట. ఇన్నేళ్ళూ లేని చెమ్మ ఒక్కసారిగా ఎక్కడినుంచి ఊరిందో! బావ అన్నీ నమ్మాడు. రిహార్సల్ వేళకి తలదువ్వుకుని, ఖాళీ షెడ్డులో ఎడమ పక్కన నిలబడి, ఒక్కడే వాయించుకునేవాడు. అక్క మిషన్ ఆపి వినేది.

మా షాపు యజమాని కూతురి రిసెప్షన్ ఒక పెద్ద హాల్లో జరిగింది. నేను కాస్త ఆలస్యంగా వెళ్ళాను. గుమ్మంలో అడుగుపెట్టేసరికి లోపల బావ వాయిస్తున్నాడు. ఆ ఒక్కొక్క స్వరం, ఆ తేట, ఇంకెవరిదవుతుంది? నాకు ఎంత సంతోషమైందంటే, చేతిలో కానుక పొట్లం ఉందని కూడా మరిచిపోయి జనాన్ని తోసుకుంటూ స్టేజీ దాకా పోయాను. మనిషి మనకి చెప్పకుండా వచ్చేశాడే, ఇంటికెళ్ళాక చెవి మెలిపెట్టాలి అనుకున్నాను.

స్టేజీకి ఎడమ పక్కన మనిషి లేడు. ఒక స్టాండుకి ఎర్ర గిటారు ఆనించి ఉంది, దాని మీద దీపం కూడా వేశారు. గిటారు మీద చెయ్యి లేదు. మాస్టారి కాలి దగ్గర, కీబోర్డు కింద, తెల్ల డబ్బా ఉంది. పాట మారినప్పుడల్లా ఆయన దాన్ని ఒక తొక్కు తొక్కుతున్నాడు. నాలుగో పాట వచ్చింది. అక్కడ, సరిగ్గా అక్కడే, 'గీక్' మంది. జనం చప్పట్లు కొట్టారు.

కాస్త విరామమిచ్చినప్పుడు మాస్టారు కాఫీ బల్ల దగ్గరికి వచ్చాడు. నేనూ వెళ్ళాను.

"మాస్టారూ, మా బావ ఏడీ?"

"అదేంటమ్మా, ఇంట్లో లేడా?"

"ఇంట్లోనే ఉన్నాడు. మరి వాయించేదెవరు?"

మనిషి కాస్తయినా సిగ్గుపడతాడేమో అని చూశాను. నవ్వాడు. "వాడే. అచ్చంగా వాడే. వాణ్ణి తీసేశానని ఎవరైనా అన్నారా ఏంటి? ప్రతి ప్రోగ్రాంలోనూ వాడే వాయిస్తున్నాడు. బరువులు మొయ్యక్కర్లేదు, మెట్లెక్కక్కర్లేదు. అసలే చెయ్యి బాగోదు కదా పాపం."

"చెయ్యి ఎప్పుడో బాగైంది."

"మరీ మంచిది," అన్నాడు. కాఫీ చివరి గుక్క తాగి, రుమాలుతో మూతి తుడుచుకుని వెళ్ళి డబ్బా తొక్కాడు. నా చేతిలో కూడా నిండు కప్పు ఉంది. అది ఆ ఇస్త్రీ చొక్కా మీద ఎందుకు పొయ్యలేదా అని ఈనాటికీ అనుకుంటాను.

మర్నాడు పొద్దున కింది వాటాకి దిగి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. బావ తలెత్తి, "నా... నా... నాలుగో పాట వాయించారా?" అని అడిగాడు.

"ఆఁ."

"ఆ గీక్కు వినపడిందా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బావా! నీ చోటు పోయింది! నీ గిటారుతోనే నీ చోటు లాక్కున్నారు. గీక్కు సంగతి అడుగుతావేంటి?"

ఆయన ముఖం అప్పుడు మారింది. అప్పటిదాకా అర్థం కాలేదో, అర్థమైనా లోపలికి దిగలేదో. గిటారు వాయించడం తప్ప ఆయనకి ఇంకో పని రాదు, ఇంకో మాటా రాదు. ఆ స్టేజీ మీద ఎడమ పక్కన ఉండే ఆ కాస్త జాగాయే లోకంలో ఆయన నత్తి లేకుండా బతికిన చోటు. అది తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

అక్క ఏడవలేదు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "వెళ్ళి అడగండి. తగువు పడక్కర్లేదు. 'నా చోటు నాకు కావాలి.' నాలుగు ముక్కలు. ఇక్కడ నాతో అనండి."

ఆ రోజంతా అదే పని. కర్టెన్లకి అన్నాడు, కుట్టుమిషన్‌కి అన్నాడు, నన్ను మాస్టారిలా మొహం పెట్టమని నాతో అన్నాడు. నేను మధ్యలో అడ్డం పడుతూ, గడియారం చూసుకుంటూ, మాస్టారిలా నటించాను. మొదట్లో ఒకటే పెనుగులాట. పొద్దు వాలేవేళకి ఒక్కసారి పూర్తిగా వచ్చింది. ఇంకోసారి వచ్చింది. అక్క ఆయన భుజం తట్టి, ఆలస్యం చేస్తే మాట మళ్ళీ పట్టేస్తుందని, అప్పటికప్పుడే పంపించేసింది.

తిరిగొచ్చేసరికి మనిషి ముఖం తేలిగ్గా ఉంది. అక్క గుమ్మంలోనే అడ్డుపడింది.

"అడిగారా?"

"మా... మాట్లాడాను. రే... రేపు రమ్మన్నాడు. గి... గిటారు తెచ్చుకోమన్నాడు."

అక్క నవ్వు చూసి ఎన్నాళ్ళైందో. బూడిద రంగు కవరు కింది అంచు పిగిలితే అప్పటికప్పుడే కుట్టింది. చొక్కా ఇస్త్రీ చేసింది. నేను షాపులో సగం పూట సెలవడిగి, స్పీకరు మొయ్యడానికి తోడొస్తానన్నాను. "స్పీ... స్పీకరు అక్కర్లేదన్నాడు," అన్నాడు బావ. అక్కడైనా నా బుర్ర వెలగాలి. వెలగలేదు.

మాస్టారి గ్యారేజీలో అందరూ ఉన్నారు, డ్రమ్స్ వాడు, బేస్ గిటారు వాడు, పాడే అమ్మాయి. బావని చూసి పలకరించారు, కుశలమడిగారు. బావ అలవాటు కొద్దీ ఎడమ పక్కకి వెళ్ళి కవరు విప్పాడు. మాస్టారు తెల్ల డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు.

"రా రా, ఐదు నిమిషాల పని," అని, నన్ను చూసి మెచ్చుకోలుగా అన్నాడు. "ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడమ్మా? నిన్న వచ్చాడు. ఏదో అనబోయి ఇరుక్కుపోయాడు. నాకు చూడలేక, 'ఏంట్రా, బిట్లలో ఏమైనా బాగాలేదా?' అన్నాను. అంతే! నాలుగో పాటలో వేలు జారింది, అక్కడ గీక్కుంది, మళ్ళీ శుభ్రంగా వాయించి ఇస్తానని ఒక్క ఊపులో చెప్పేశాడు. తను స్టేజీ మీద లేకపోయినా ఆ శ్రద్ధ చూశావా?"

నేను బావ వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు. గిటారు వైరు తెల్ల డబ్బాకి తగిలించి, వంగి శ్రుతి చేసుకుంటున్నాడు. అక్కతో 'మాట్లాడాను' అన్నాడు గానీ 'అడిగాను' అనలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఒకసారి వాయించాడు. తల అడ్డంగా ఊపాడు. చెరిపి మళ్ళీ వాయించాడు. అదీ నచ్చలేదు. ఆ తర్వాతది వాయిస్తుంటే గ్యారేజీలో ఎవరూ కదల్లేదు. పాడే అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిటికెన వేలు ఆ తీగ మీదికి వెళ్ళి, దీపం మీద చెయ్యి కాచుకున్నంత మెల్లగా వాలింది. ఎక్కడా గీక్కు లేదు. మా బావ జీవితంలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. మాస్టారు మీట నొక్కి దాచేశాడు. "ఇక దీనికి తిరుగు లేదు," అన్నాడు.

నేను ఉండబట్టలేక ముందుకొచ్చాను. "బావా, ఆ మాట అడుగు. ఇప్పుడే అడుగు. ఎంతసేపైనా ఆగుతాం."

ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "నా..." అన్నాడు. "నా చో... నా చో..." మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు బిగుసుకున్నాయి. ఇంకొక్క నిమిషం ఆగితే వచ్చేది. కుట్టుమిషన్ ముందు వచ్చింది, నా ముందు వచ్చింది. బేస్ గిటారు వాడు చూపు తిప్పుకున్నాడు. మాస్టారు గడియారం చూసుకుని, "సరే, నాలుగోది ఒకసారి చూసేద్దాం," అని డబ్బా మీద కాలు వేశాడు.

పాట మొదలైంది. బావ గిటారు గ్యారేజీ నిండా మోగింది, తేటగా, ఒక్క తడబాటు లేకుండా. ఆ మోతలో ఆయన నోట్లో ఉన్న మాట ఎవరికీ వినపడలేదు. కాసేపటికి ఆయన నోరు మూశాడు. ఎడమ పక్కన ఎర్ర గిటారు స్టాండు పెట్టుకోవాలి, కాస్త జరగమని మాస్టారు చేత్తో సైగ చేశాడు. బావ బూడిద రంగు కవరు భుజానికి తగిలించుకుని వచ్చి గుమ్మం దగ్గర నా పక్కన నిలబడ్డాడు. ఆ చోటు వచ్చేదాకా ఊపిరి బిగించి విన్నాడు. చిటికెన వేలు జారిన ఆ చోటు.

అది దాటగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"విన్నావా పిల్లా? ఇప్పుడు ఎక్కడా మరక లేదు," అన్నాడు, గడగడా.